చింతచెట్టు మీద గూడబాతులు: తేలుకుంచి నుంచి నేలపట్టు దాకా

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. చెప్పుల అంచులకు అంటుకున్న తెల్లటి రెట్ట మరకలు రెండుసార్లు కడిగినా పూర్తిగా వదలలేదు. అవి వదిలేలోగా, చూసినవీ విన్నవీ చెదిరిపోకముందే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

నాన్న నీటిపారుదల శాఖలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయనకు చెరువులు ఇష్టం, నాకు నీటిపక్షులు ఇష్టం. ఇన్నేళ్ళలో ఈ రెండిటినీ కలిపి ఒక్క ప్రయాణమైనా చేయలేదన్న లోటు మా ఇద్దరికీ ఉండేది. అందుకే ఈ డిసెంబరులో ఒడిశా సరిహద్దున ఉన్న తేలుకుంచిలో మొదలుపెట్టి, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న నేలపట్టు దాకా, పక్షులు గూళ్ళు కట్టుకుని పిల్లలను పెంచే చోట్లను వరుసగా చూసి రావాలని బయలుదేరాం. అరుదైన పక్షులను వెతికి పట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఎవరి చెట్టు మీద, ఎవరి చెరువులో అవి పిల్లలను పెంచుతున్నాయో ఆ మనుషులతో మాట్లాడాలన్నదే నా కోరిక.

డిసెంబరు 6, తేలుకుంచి

ఇచ్ఛాపురం బస్టాండు ఎదుట ఒక తోపుడుబండి దగ్గర మరమరాల మీద ఘుగ్ని అనే వేడి బఠాణీల కూర పోసి, పచ్చిఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చారు. ఇద్దరికీ కలిపి 60 రూపాయలు. బండి నడిపే ఆవిడ ఒక గిరాకీతో తెలుగులో, పక్కవాడితో ఒడియాలో, తన కొడుకుతో రెండూ కలిపి మాట్లాడుతోంది. తేలుకుంచికి ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ 500 అడిగాడు; బేరమాడకుండా ఎక్కాం.

ఊళ్ళో అడుగుపెట్టగానే మేము ఆలస్యమయ్యామని తెలిసిపోయింది. నత్తగుల్ల కొంగలు తొలకరి వానలతో పాటు జూన్, జూలైలలో ఇక్కడికి వచ్చి, ఇళ్ళ మధ్యనున్న చింత, రావి చెట్ల మీదా వెదురు పొదల మీదా గూళ్ళు కట్టి, పిల్లలకు రెక్కలు వచ్చాక శీతకాలం ముదిరేలోపు వెళ్ళిపోతాయి. మేము వెళ్ళేసరికి కొమ్మల్లో ఖాళీ పుల్లల గూళ్ళూ, ఇంకా ఎగరడానికి తటపటాయిస్తున్న పదిహేను ఇరవై పిల్ల కొంగలూ మాత్రమే మిగిలాయి. పెద్ద కొంగ ముక్కును పక్కనుంచి చూస్తే పై దవడకూ కింది దవడకూ మధ్య సన్నని సందు కనిపిస్తుంది, నత్తగుల్లను పట్టుకోవడానికి కుదిరినట్టుగా. పిల్లలకు ఆ సందు పుట్టుకతో ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. దుర్భిణిలో ఒక పిల్ల ముక్కును చాలాసేపు చూశాను. దవడలు రెండూ ఇంకా అతుక్కునే ఉన్నాయి.

రావిచెట్టు కింద అరుగు మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు. "రెండు నెలలు ముందు రావాల్సింది బాబూ, అప్పుడైతే ఒకరి మాట ఒకరికి ఇనబడేది కాదు" అన్నారు నాన్నతో. ఆయన చిన్నతనంలో పక్షులు ముందుగా వచ్చిన ఏడు పంట బాగా పండుతుందనీ, ఆలస్యమైతే వాన తప్పుతుందనీ ఊరంతా నమ్మేదట. చెట్టు మీద రాయి విసిరిన పిల్లవాడికి తండ్రి చేత దెబ్బలు, వలతో వచ్చిన పొరుగూరి వాడికి జరిమానా, రెండూ ఆయన కళ్ళారా చూశారట. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, దాని వెనుక ఒక లెక్క ఉందని నాకు అనిపించింది. ఈ కొంగల ముఖ్యమైన ఆహారం వరిమడిలోని నత్తలు. నాట్లు వేసిన మడిలో లేత మొక్కను కొరికే నత్తలను ఊరి చెట్ల మీదున్న వందలాది కొంగలు పొద్దంతా ఏరి తెచ్చి పిల్లలకు పెడుతుంటే, ఆ రైతుకు చెట్టు మీది గోల మీద కోపం ఎందుకుంటుంది? "ఇప్పుడు గుళికల మందు చల్లుతన్నారు. మందేసిన మడిలో పిట్ట దిగదు" అని పెద్దాయన తనే అన్నారు. అలా అన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఊరి మొగలోని బోర్డు మీదా, ఆటో డ్రైవరు నోటా, ఆ తరువాత ప్రతి చోటా నేను విన్న మాట ఒకటుంది: ఇవి సైబీరియా నుంచి వచ్చే పక్షులని. నత్తగుల్ల కొంగలూ, గూడబాతులూ (పెలికాన్లు) సైబీరియా పక్షులు కావు. ఇవి మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ నీటిని బట్టి, తిండిని బట్టి తిరుగుతూ, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగేవి. ఈ తేడా చెప్పడం చాదస్తం కాదని నా అభిప్రాయం. చలికాలం గడపడానికి వచ్చిన చుట్టానికి తిండి దొరికితే చాలు. ఇక్కడే పురుడు పోసుకునే దానికి చెట్టు కావాలి, చెట్టు కింద మనిషి ఓర్పు కావాలి.

డిసెంబరు 7, నౌపడ దారి తప్పి తేలినీలాపురం

టెక్కలిలో ఇడ్లీ తిని బయలుదేరినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. తేలినీలాపురం వైపు మళ్ళవలసిన చోట మళ్ళకుండా మా ఆటో ముందుకు సాగి, నౌపడ ఉప్పు మళ్ళ మధ్య తేలింది. కొత్త ఉప్పు కాలానికి మళ్ళు సిద్ధం చేస్తున్న కూలీలు అడుగు మట్టిని కాళ్ళతో తొక్కి చదును చేస్తున్నారు. దారి అడగబోతే, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ చెయ్యి పైకెత్తి చూపించింది. అయిదు గూడబాతులు ఒకదాని వెనుక ఒకటి, రెక్క ఆడించకుండా, బరువైన పడవల్లా పోతున్నాయి. "ఆటెనకాలే పొండి. అవీ ఊరికే ఎల్తన్నాయి" అంది. నిజంగానే వాటి దిక్కు పట్టుకుని వెళ్ళి ఊరు చేరాం.

గూడబాతు అన్న పేరు దాని ముక్కు కింద వేలాడే తోలు సంచిని బట్టి వచ్చిందని నేను అనుకుంటాను. మెట్ట తోటలకు నీళ్ళు చల్లే గూడను చూసినవారికి ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. కొన్ని చోట్ల చింకబాతు అని కూడా అంటారు. ముక్కు మీద వరుసగా నల్లని చుక్కలుంటాయి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో ఫిలిప్పీన్స్ ఉంది గానీ ఆ దేశంలో ఈ పక్షి ఇప్పుడు లేదు. ప్రస్తుతం ఇది గూళ్ళు కట్టే దేశాలు ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియా. ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా దీన్ని లెక్కిస్తున్నారు. అటువంటి పక్షి తేలినీలాపురంలో పెంకుటింటి పెరట్లో, గేదె కట్టిన కొట్టానికి పది అడుగుల దూరంలో, చింతచెట్టు మీద సంసారం చేస్తోంది.

ముందు వాసన వచ్చింది. కుళ్ళిన చేపా సున్నమూ కలిసిన వాసన. తరువాత చప్పుడు. పెద్ద పక్షులు దాదాపు మౌనంగానే ఉంటాయి. పిల్లలే రొద పెడతాయి. ఆపైన చెట్టు కనిపించింది. ఆకులన్నీ రెట్టపడి తెల్లబడ్డాయి, కొన్ని కొమ్మలు మోడువారాయి, ఒక్క చెట్టు మీదే నేను పందొమ్మిది గూళ్ళు లెక్కపెట్టాను. పై కొమ్మల్లో ఎర్రకాళ్ళ కొంగలు కొన్ని, మధ్యలో గూడబాతులు. గూటికి మూడు, నాలుగు గుడ్లు పెడతాయి. సుమారు నెల రోజులు పొదుగుతాయి. పుట్టినప్పుడు బొచ్చు లేకుండా గులాబీరంగు మాంసపు ముద్దలా ఉండే పిల్లకు తెల్లని నూగు వచ్చి, తరువాత ఈకలు వచ్చి, సొంతంగా ఎగిరి బతకడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలూ తల్లీ తండ్రీ చేపలు తేవాలి, పిల్ల తల్లి నోటి సంచిలోకి తలంతా దూర్చి తినాలి, కింద ఆ ఇంటివాళ్ళు ఓర్చుకోవాలి.

ఆ చెట్టు సొంతదారు డెబ్భై ఏళ్ళ వృద్ధురాలు. నేను మామ్మా అని పిలిస్తే ఆవిడ నన్ను పాపా అంది. వాకిట్లో మంచం వేసి, మా తలల మీద పడకుండా ప్లాస్టిక్ పట్టా కట్టిన వైపు కూర్చోబెట్టి, చల్లని చోడి అంబలి గ్లాసుల్లో పోసి ఇచ్చింది. నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప. నాన్న రెండో గ్లాసు అడిగి మరీ పోయించుకున్నారు.

"బట్టలారేసుకోడానికి నేదు, నీళ్ళకుండ మూత తియ్యడానికి నేదు. ఈ చెట్టు చింతపండు మా ఇంటోళ్ళం తిని ముప్పై ఏళ్ళు దాటిపోనాది. సంతలో కొనుక్కుంతన్నాం" అంది మామ్మ. చెట్టు కొట్టించి కలప అమ్మమని ఎవరూ అడగలేదా అన్నాను. "అడక్కేటి? రెండుపాలి వచ్చినారు. మా ఆయన ఉన్నప్పుడే వద్దనీసినారు. నెలలు నిండి వచ్చిన ఆడపిల్లని పొమ్మంతామేటి?"

ఆ మాటను నేను కర్ణాటక మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్ళూరు గురించి కూడా విన్నాను. అక్కడా గూడబాతులు చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి, అక్కడా వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచులుగానే చూస్తారు. అయితే ఒక తేడా ఉంది. కొక్కరె బెళ్ళూరులో ఊరి యువకులు హెజ్జార్లె బళగ అనే బృందంగా ఏర్పడి, గూటిలోంచి జారిపడిన పిల్లలను దడి కట్టిన ఆవరణలో ఉంచి చేపలు పెట్టి పెంచి వదిలిపెట్టడం అలవాటు చేసుకున్నారు. అటవీ శాఖ చెట్టు సొంతదారులకు పరిహారం ఇస్తోంది. 2007లో ఆ ఊరిని సామాజిక అభయారణ్యంగా ప్రకటించారు. మామ్మను మీకేమైనా వస్తుందా అని అడిగితే నవ్వి, పైన చెట్టు వైపు చూసి, తన చీర కొంగు మీద పడిన రెట్టను చూపించింది.

నా అభిప్రాయం ఇక్కడ దాచుకోను. గూడబాతు సంరక్షణ అంటూ మనం కట్టే స్వాగత తోరణాలూ సిమెంటు బొమ్మలూ నడకదారి పలకలూ పక్షికి ఒక్క కొమ్మ కూడా ఇవ్వవు. చెట్టు యజమానికి ఏటా చింతపండు ఖరీదైనా ముట్టజెబితే, ఆ చెట్టు ఆవిడ తరువాత కూడా నిలుస్తుంది. మామ్మ కొడుకులు ఇద్దరూ విశాఖలో పనిచేస్తున్నారు. ఆ చెట్టు విషయంలో వాళ్ళు ఏం చేస్తారో ఆవిడకే తెలియదు.

డిసెంబరు 8, తేలినీలాపురం, తంపర భూములు

రాత్రి టెక్కలిలో పడుకుని, తెల్లవారుజామున అయిదున్నరకే మళ్ళీ ఊరికి వచ్చాం. నిన్న చూడని సంగతి ఇవాళ చూశాను. రెండు చెట్ల కింద పాత చేపల వలలను నాలుగు గుంజలకు వదులుగా కట్టారు, గాలికి జారిన పిల్ల నేలను తాకకుండా. ఊరి కుర్రవాడు ఒకడు వెదురు తట్టలో ఒక పిల్లను పెట్టుకుని వస్తున్నాడు. రాత్రి పడిందట. కాలు విరగలేదని రెండు వైపులా నిమిరి చూసి, చిన్న చేపలను నీళ్ళల్లో తడిపి ఒక్కొక్కటిగా నోట్లో పెట్టాడు. ఆ చేపలకు తన డబ్బు పెట్టుకుంటాడు. రోజుకు ఒక పిల్ల అరకిలో దాకా తినేస్తుందని చెప్పాడు గానీ దానికి విసుగు పడినట్టు కనిపించలేదు. "అన్నా, బతుకుతుందా?" అని అడిగితే, "నూలు పురుగు లేకపోతే బతికీస్తాదక్కా" అన్నాడు.

ఆ పురుగు కథ తెలుసుకోవలసినదే. 2021-22 శీతకాలంలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో దారపు పోగుల్లాంటి పరాన్నజీవి పురుగులు గుట్టలుగా బయటపడ్డాయి. అవి చేప ద్వారా పక్షి కడుపులో చేరతాయి. అంతకు నాలుగేళ్ళ ముందు కొక్కరె బెళ్ళూరులోనూ గూడబాతులు ఇలాగే చనిపోయాయి. ఊరి వాళ్ళు చెట్టును ఎంత కాపాడినా, పక్షి తినే చేప ఎక్కడ పెరిగిందన్నది వాళ్ళ చేతిలో లేదు. తిత్లీ తుపాను కూడా వాళ్ళ చేతిలో లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతంలో తీరం దాటిన ఆ తుపానుకు కూలిన చెట్లను తలచుకుని, ఎక్కడ ఏ చెట్టు ఉండేదో ఆ కుర్రవాడు వేలితో చూపించాడు. కొన్ని చోట్ల కొత్త మొక్కలు నాటారు. చింతమొక్క గూడును మోయగలిగే చెట్టు కావాలంటే ఇంకో పదిహేను, ఇరవై ఏళ్ళు.

పక్షులు ఉదయం ఏ దిక్కుకు వెళ్తున్నాయో చూడాలని నాన్న పట్టుబట్టారు. ఎక్కువ భాగం సముద్రం వైపుకు, నౌపడ, సంతబొమ్మాళి పక్కనున్న పల్లపు భూముల మీదికి పోతున్నాయి. ఈ నేలను ఇక్కడ తంపర అంటారు. వానాకాలం నీళ్ళు నిలిచి, చేపలు పెరిగి, నీరు తీశాక కొంత భాగం వరికి, మిగతాది పశువుల మేతకు పనికొచ్చే నేల. కాగితం మీద దీన్ని పనికిరాని భూమిగా రాయడం ఎంత సులువో నాన్నకు బాగా తెలుసు. ఈ తంపరలో కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోతే చుట్టుపక్కల ఊళ్ళు ఏళ్ళ తరబడి ఎదిరించాయి, 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. ఆ వాదోపవాదాల్లో తేలినీలాపురం పక్షుల పేరు కూడా గట్టిగా వినిపించింది. మడి గట్టు మీద నిలబడి నాన్న అన్న మాట ఇది: "అమ్మాయి, ఆ మామ్మ ఇంట్లో ఉన్నది పడకగది. వంటిల్లు ఇక్కడుంది. ఒకటి ఉంచి ఒకటి తీసేస్తే కాపురం నిలవదు."

బయలుదేరే ముందు మామ్మ ఇంటికి మళ్ళీ వెళ్ళాం. నాన్న పలాస జీడిపప్పు పొట్లం ఇస్తే తీసుకోవడానికి మొహమాటపడింది. తీసుకున్నాక, చేతులు ఖాళీగా పంపకూడదని లోపలికి వెళ్ళి, కాగితంలో చుట్టిన చింతపండు తెచ్చి నా సంచిలో పెట్టింది. సంతలో కొన్నది.

డిసెంబరు 10, ఆటపాక

కొల్లేరు పక్కనున్న కైకలూరులో కొర్రమీను పులుసుతో భోజనం మనిషికి 180 రూపాయలు. వడ్డించినాయన మా పళ్ళెంలో అన్నం తగ్గినప్పుడల్లా అడగకుండా వేస్తూ, పక్షుల కోసం వచ్చామని తెలిశాక మాత్రం కాస్త ముఖం చిట్లించారు. ఆయన బావమరిదికి చేపల చెరువు ఉంది. గూడబాతుల గుంపు ఒక్క ఉదయం దిగితే పెట్టుబడి పోతుందన్నది ఆయన బాధ. చెరువుల మీద వలలు, మెరిసే రిబ్బన్లు, టపాసులు, ఇవన్నీ దారి పొడవునా కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఆ బాధను కొట్టిపారేయలేను. అయినా కొల్లేరు ఎవరిదన్న ప్రశ్నకు ముందు కొల్లేరు ఎంతన్నది గుర్తు పెట్టుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ మంచినీటి సరస్సులో అయిదో అడుగు కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తును చూపే గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అప్పటికే లోపలి భాగం చాలావరకు చేపల చెరువుల గట్లతో ముక్కలైపోయింది. 2006లో ఆ గట్లను పెద్దఎత్తున పేల్చి కూల్చారు.

కొల్లేరు ప్రాంతపు గూడబాతులకు ఒక పాత విషాదం కూడా ఉంది. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో పెద్ద గూడబాతుల స్థావరాన్ని చూసి లోకానికి తెలియజేశారు. తాటిచెట్లతో సహా ఊరి చెట్ల మీద వేలాది పక్షులు. 1970ల నాటికి ఆ స్థావరం లేకుండాపోయింది. చెట్లు పోయాయి, పక్షులూ పోయాయి.

ఆటపాకలో ఇప్పుడు కనిపించేది ఆ నష్టానికి అటవీ శాఖ వెతికిన జవాబు. గట్టు కట్టి నీరు నిలిపిన పెద్ద చెరువు మధ్యలో, చెట్లు లేని కొరత తీర్చడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అడ్డపట్టీల మీద గూడబాతులు పుల్లలు పేర్చి గూళ్ళు కట్టుకుంటున్నాయి. పడవలో దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కో స్టాండు ఒక మేడలా, అంతస్తు అంతస్తుకూ ఒక కుటుంబంలా ఉంది. చూడడానికి నాకు మొదట బాధ కలిగింది. ఇనుము మీద పుట్టిన పిల్ల ఏం పిల్ల అనిపించింది. పడవవాడు ఆ ఆలోచన పట్టేసినట్టు, "చెట్టయితే రెట్టకి చచ్చిపోద్దండి, ఇదయితే తుప్పు పట్టేదాకా ఉంటది" అన్నాడు. చుట్టూ నీళ్ళుండడం వల్ల పిల్లులూ కుక్కలూ రావు, మనిషి రాడు. గూడు నిలవడానికి పక్షి అడిగేది ఇదే. చెట్టు మీద మమకారం నాదే గానీ దానిది కాదని ఒప్పుకున్నాను. నాన్న మాత్రం పడవలో కూర్చున్నంతసేపూ చెరువులోకి నీరు ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని అడుగుతూనే ఉన్నారు. కొల్లేటి నీటిని సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు మూసుకుపోతే కొల్లేరు ఏమవుతుందో ఆయన తిరుగు దారిలో కైకలూరు దాకా చెప్పారు.

డిసెంబరు 11, ఉప్పలపాడు

గుంటూరుకు చాలా దగ్గరి ఊరు. నాన్న పాత సహోద్యోగి ఇంట్లో గోంగూర పచ్చడి, పప్పుచారుతో భోజనం చేసి సాయంత్రం వెళ్ళాం. ఊరి చెరువులో దిబ్బల మీద సర్కారు తుమ్మ చెట్లు, వాటి నిండా ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు, నీటికాకులు. ఇక్కడా కొన్ని ఇనుప స్టాండ్లున్నాయి. సర్కారు తుమ్మను పొలంలో చూస్తే పీకేయాలనిపిస్తుంది నాకు. ఇక్కడ ముళ్ళతో సహా అదే ఆసరా అయింది. బడి వదిలాక పిల్లలు గట్టు మీద చేరి, ఏ గూటిలో ఎన్ని పిల్లలున్నాయో పందెం కాసుకుంటున్నారు. ఒకమ్మాయి నా దుర్భిణి అడిగి తీసుకుని, పది నిమిషాలు కళ్ళ నుంచి తీయలేదు. తిరిగి ఇస్తూ, "ఆంటీ, ఆ చివరి దానికి మూడు కాదు, నాలుగున్నాయి" అని సరిచేసింది.

చీకటిపడుతుండగా చెట్లలోంచి బొంగురు గొంతుతో చింతవక్కలు బయటికి వచ్చాయి. పగలంతా చింతకొమ్మల్లో ముడుచుకుని కూర్చుని రాత్రి వేటకు వెళ్ళే కొంగకు చింతవక్క అని పేరు పెట్టిన మన పాతవాళ్ళ చూపు ఎంత నిశితమైనదో అనిపించింది. పేరులోనే అది ఉండే చెట్టు చిరునామా ఉంది.

డిసెంబరు 13, నేలపట్టు

ఉదయం నాయుడుపేటలో కారం దోసె తిన్నాం, ఒకటి 50 రూపాయలు, వెన్న వేస్తే ఇంకో పది. దొరవారిసత్రం దాటి లోపలికి వెళ్ళే దారికి రెండు వైపులా వరి, అడవి పొదలు, మళ్ళీ వరి. 1976లో అభయారణ్యమైన ఈ నేలపట్టు 459 హెక్టార్లే. అందులో చెరువు భాగం ఇంకా చిన్నది. అయినా గూడబాతులు గూళ్ళు కట్టే చోట్లలో దీనికున్న పేరు పెద్దది. ఆ పేరు నీళ్ళలో నిలబడిన కడప చెట్ల వల్ల వచ్చింది. నెలల తరబడి మొదలు మునిగినా బతికే చెట్టు అది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండి, చెట్ల చుట్టూ నీరు చేరితేనే పక్షులు గూళ్ళు మొదలుపెడతాయి. పిల్లలు ఎగిరే మార్చి దాకా ఆ నీరు ఉండాలి. మధ్యలో చెరువు అడుగంటితే నేల మీది జంతువులు చెట్టెక్కుతాయి, పెద్ద పక్షులు గూళ్ళు వదిలేస్తాయి. చేపల కోసం అవి రోజూ పులికాట్ సరస్సు దాకా వెళ్ళి వస్తాయి.

ఇన్ని రోజుల్లో నాన్న ముఖంలో నేను చూసిన నిజమైన ఆనందం ఇక్కడే. కట్ట మీద నడుస్తూ తూము ఎక్కడుంది, అలుగు ఎక్కడుంది, ఆయకట్టు ఎంత అని ఆయనే వెతుక్కున్నారు. కట్ట కింద పొలంలో కలుపు తీస్తున్న ఒక రైతు పని ఆపి మాతో మాట్లాడాడు. ఈ చెరువు నీళ్ళు పారిన మడికి ఎరువు తక్కువ వేసినా చాలని, వాళ్ళ తాత కాలం నుంచీ తెలుసట. పక్షుల రెట్ట కలిసిన నీరు అది. అభయారణ్యం అన్న బోర్డు రాకముందే ఊరు ఈ పక్షుల జోలికి ఎవరినీ రానివ్వకపోవడానికి అదొక కారణం. కాని నీరు తక్కువైన ఏడాది ఆ రైతుకూ ఆ పక్షికీ కావలసింది ఒకే నీరు. ఆ ఏడాది ఏం చేస్తారని నాన్న అడిగారు.

"మడికి వదలమని అడుగుతాం. గూళ్ళు ఖాళీ కాలేదంటారు. అప్పుడు బోరు వేసుకుంటాం, ల్యాకపోతే లేదు" అన్నాడు రైతు. గొంతులో కోపం లేదు. సంవత్సరానికి ఒకసారి ఇంట్లో జరిగే తగవు గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ తగవు ఎలా తీరుతోందో రాసిపెట్టే చోటు ఎక్కడా లేదనీ, చెరువు మట్టాన్ని బట్టి పక్షికింత, మడికింత అని ఊరి వాళ్ళ సమక్షంలో ముందే తేల్చుకుంటే ఇద్దరికీ మేలనీ నాన్న ఆ తరువాత నాతో అన్నారు. ఇంజనీరు మాటే గానీ, నేను ఈ యాత్రలో విన్న అత్యంత ఆచరణయోగ్యమైన మాట అది.

సాయంత్రం నాలుగున్నరకు కావలి మంచె ఎక్కాం. పులికాట్ నుంచి పక్షులు తిరిగి రావడం మొదలైంది. గుంపు గుంపుగా వచ్చి, చెరువు పైన ఒక చుట్టు తిరిగి, కాళ్ళు ముందుకు చాచి, ఎంత బరువైన పక్షి అయినా కొమ్మ ఊగకుండా దిగుతున్నాయి. ఒక్కసారిగా అన్ని గూళ్ళలోంచీ పిల్లల రొద లేచింది. నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను. నాన్న చూపు మాత్రం నీళ్ళ మీద ఉంది. కట్ట లోపలి వైపు చెరువులోకి దిగే మెట్లలో నాలుగు నీళ్ళ పైకి కనిపిస్తున్నాయి.

"ఈ నీరు మార్చి దాకా వస్తుందా?" అని అక్కడి కావలి మనిషిని అడిగారు.

"ఇంకో వాన పడాల సార్. పడితే డోకా లేదు."

నాన్న అతని ఫోను నంబరు తీసుకున్నారు. నిన్న ఉదయం కాఫీ తాగుతూ అతనికి ఫోను చేసి, చెరువు మట్టం ఎంతుందని అడిగారు. మొన్న రాత్రి రెండు గంటల సేపు వాన కురిసిందట. పైకి కనిపించే మెట్లు ఇప్పుడు మూడేనట.